పనసచెక్క యాంప్లిఫయరు

పోయిన నెలలో హైదరాబాదు నుంచి ఒకతను మా ఇంటికి వచ్చాడు. మా మేనల్లుడికి స్నేహితుడు, గిటారు వాయిస్తాడట. ట్రాన్సిస్టర్లు రాకముందు గాజు వాల్వులతో చేసిన యాంప్లిఫయర్లంటే అతనికి పిచ్చి. ఎక్కడ ఉందన్నా వెళ్ళి చూసి, ఫొటోలు తీసుకుని వస్తాడట. మా మామయ్య, అంటే నేను, కాలేజీలో చదివేటప్పుడు ఇంట్లోనే చేసింది ఒకటుందని మావాడు ఊదరగొట్టి పంపాడు. అటక మీద నుంచి దింపించి, దుమ్ము తుడిచి, ముందుగదిలో బల్ల మీద పెట్టాను. పనసచెక్క పెట్టె, ముందు భాగంలో స్పీకరుకి అడ్డంగా రేడియో మీద నుంచి తీసిన గుడ్డ, రెండు నల్లటి నాబులు. అతను దాని చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగాడు. వెనక చెక్క విప్పి, లోపలికి టార్చి వేసి, ఊపిరి బిగబట్టి చూశాడు. ఎవరు చేశారండీ ఇది అని అడిగాడు. "నేనే" అన్నాను. తడుముకోలేదు. ఇన్నేళ్ళుగా ఎవరడిగినా అదే చెబుతున్నాను కదా, నోరు దానంతటదే పలికేసింది.

అతను టార్చి ఆపలేదు. ఇందులో రెండు చేతులు కనబడుతున్నాయండీ అన్నాడు. ఒకవైపు టంకం చుక్కలు కుంకుడుగింజల్లా లావుగా, మసిపట్టి ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మరు ఉన్న వైపు మాత్రం ఆవగింజంత చిన్నగా, నిన్న పెట్టినట్టు మెరుస్తున్నాయి. మొదట్లో చెయ్యి తిరగలేదులే అని దానికో అబద్ధం అతికించాను. అతను పాపం నమ్మాడు. పాడైపోయిన కండెన్సర్లు రెండు మార్చి, ట్రాన్స్‌ఫార్మరు మాత్రం రాయిలా ఉందండీ, ఎంత బాగా చుట్టారో అని మెచ్చుకుని, నా కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక వెనక చెక్క బిగించబోతే పెట్టె మూలలో వార్తాపత్రిక కాగితం పొట్లం ఒకటి చేతికి తగిలింది. విప్పాను. వాల్వు. ఈ పెట్టెలో ఒక్కసారి కూడా పెట్టనిది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. వంటకి వంక పెడుతున్నాననుకుని మా ఆవిడ మూతి ముడుచుకుంది. ఆవిడకి కూడా అప్పటిదాకా అసలు సంగతి తెలియదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడకి చెప్పకుండా దాచింది ఇదొక్కటే.

అమలాపురం నుంచి అల్లవరం వెళ్ళే రోడ్డు మీద దిగి, కొబ్బరితోటల్లోంచి అరమైలు లోపలికి నడిస్తే మా ఊరు. మా వీధిలో ఉన్నవన్నీ వేదం చెప్పుకున్నవాళ్ళ ఇళ్ళే. మా తాతగారు ఘనపాఠి. నేను పుట్టేనాటికే పోయారు. నాన్నగారు ఆ దారి వదిలి హైస్కూల్లో తెలుగు మాష్టారయ్యారు. ఇంట్లో పెత్తనం మాత్రం మా మామ్మది, అంటే నాన్నగారి తల్లిది. తెల్లవారకుండానే పెరట్లో కొబ్బరిడొక్కల పొయ్యి మీద రాగి కాగులో నీళ్ళు మరుగుతూ ఉండేవి. ఆ పొగవాసన, దండెం మీద మడిబట్టల తడివాసన, దేవుడి దగ్గర సాంబ్రాణి వాసన కలిసి ఇప్పటికీ ఎక్కడైనా ముక్కుకి తగిలితే నేను పంతొమ్మిదేళ్ళ వాణ్ణయిపోతాను. నాన్నగారు సంధ్య వార్చుకుని అరుగు మీద కూచుని పిల్లల వ్యాసాలు దిద్దేవారు. తప్పు దొరికినప్పుడల్లా నాలిక చప్పరించేవారు. లోపల అమ్మ ఆ చప్పరింపులు లెక్కపెట్టుకుని, ఆ పూట ఆయనతో మాట్లాడాల్సిన విషయం మాట్లాడాలో వద్దో తేల్చుకునేది.

వీధివైపు ఒక గది ఉండేది. తాతగారు శిష్యులకి పాఠం చెప్పిన గది. ఆ తరవాత నాకు దక్కింది. దానికి పక్క సందులోకి ఒక కిటికీ, లావుపాటి ఇనపఊచలు, ఊచల బయట జానెడు వెడల్పు గట్టు. ఇంటి మొత్తానికి కరెంటు ప్లగ్గు ఆ గదిలోనే ఉండేది, రేడియో కోసం వేయించినది. ఆ రేడియోకి నోరు పడిపోయి రెండేళ్ళయింది. ఖరగ్‌పూరులో రైల్వే ఉద్యోగం చేసే మా మేనమామ ఒక సెలవుల్లో గిటారు తెచ్చి నా చేతిలో పెట్టారు. తీగల కింద బిగించే అయస్కాంతపు బిళ్ళ కూడా తెచ్చారు. అది ఉంటే గిటారుని యాంప్లిఫయరుకి తగిలించి, ఊరంతా వినబడేలా వాయించొచ్చన్నారు. యాంప్లిఫయరు ఎక్కణ్ణుంచి వస్తుందో మాత్రం చెప్పలేదు. మామ్మ ఆ గిటారుని అటూ ఇటూ తిప్పి చూసి, వీణకి కడుపునొప్పి వచ్చినట్టుందని తేల్చేసింది. మా కాలేజీలో పాటలు పాడే గుంపు ఒకటుండేది. తబలా, హార్మోనియం మధ్యలో నా గిటారు కూచుంటే, చేతులు ఆడిస్తున్నట్టు కనబడేదే గాని ఒక్క ముక్క వినబడేది కాదు. అలా ఏసురత్నంగారి కొట్టుకి వెళ్ళాను.

అమలాపురంలో బస్టాండు వెనక సందులో ఆయన రేడియో రిపేరు కొట్టు. అప్పటికి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒక చెవి కొంచెం ముందుకి పెట్టి నిలబడేవారు. రేడియో విప్పకముందు కళ్ళు మూసుకుని దాని గరగరని వినేవారు. రోగం సగం అక్కడే తెలిసిపోయేది. అందరూ ట్రాన్సిస్టర్లు కొనుక్కుంటూ పాత వాల్వు రేడియోలు పారేస్తున్న రోజులవి. ఆయన కొట్టు నిండా వాటి కళేబరాలే. అన్నిటికన్నా ఆయనకి పేరు తెచ్చింది ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టడం. సైకిలు చక్రంతో తనే చేసుకున్న రాట్నం మీద, వెంట్రుకంత రాగితీగని వరస తప్పకుండా వేల చుట్లు చుట్టేవారు. చుడుతున్నంతసేపూ పెదాలు లెక్కపెడుతూ కదిలేవి. ఆ సమయంలో ఎవరు పలకరించినా జవాబుండేది కాదు. చివరి చుట్టు అవగానే "స్తోత్రం" అని మెల్లిగా అనుకుని, అప్పుడు తలెత్తి, "ఆయ్, ఇప్పుడు చెప్పండి" అనేవారు. మైకుసెట్లు అద్దెకిచ్చేవాళ్ళందరూ ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన చుట్టింది కాలదని పేరు.

గిటారు యాంప్లిఫయరు అనగానే ఆయన మొహం వెలిగింది. ఆయనా గిటారు వాయిస్తారట, వాళ్ళ పేటలో గుడిలో. క్రైస్తవులైనా చర్చిని గుడి అనే అంటారు మా వైపు. ఆదివారం జనమంతా ఒక్కసారి పాట ఎత్తుకుంటే గిటారు ఏమూలకీ వినబడదని, తనే ఒక యాంపు చేద్దామని వాల్వులు, ఇనపరేకులు కూడబెట్టుకుంటున్నారు. మా రేడియోలో మంచి స్పీకరుంది, పెరట్లో పాత పనస మంచం చెక్కలున్నాయి. ఆయన దగ్గర వాల్వులూ విద్యా ఉన్నాయి. రెండూ కలిపి ఒకటే చేద్దామన్నారు. "ఏడాది పొడుగూ మీ దగ్గరే ఉంచుకోండి బాబుగారూ. క్రిస్మస్‌కి రెండ్రోజులు మాత్రం మా గుడికి ఇప్పించండి, చాలు" అన్నారు. ఓ, అదెంత భాగ్యం అన్నాను. మా నాన్నగారి వయసుకి దగ్గర్లో ఉన్న మనిషిని నేను పేరు పెట్టి, నువ్వు అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను బాబుగారూ అనేవారు. ఇద్దరికీ అది అలవాటే గనక నాకు అందులో వింతేమీ కనబడలేదు.

కొట్టులో మూడు నెలలు పట్టింది. ట్రాన్స్‌ఫార్మరు, దాని చుట్టుపక్కల తీగలు ఆయన వేశారు. మిగతాది నాచేత చేయించారు. కొట్టులో నిక్షేపంగా పలికింది. ఇంటికి తెచ్చి ప్లగ్గులో పెట్టానో లేదో, గానుగ తిరుగుతున్నట్టు ఒకటే రొద. మళ్ళీ కొట్టుకి తీసుకెళితే రొద లేదు. ఇంట్లో ఏదో ఉందండి, అక్కడికొచ్చి వినాలి అన్నారు. అలా ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ ఆరాధన అయ్యాక వచ్చారు. వీధి మొదట్లోనే సైకిలు దిగి, నడిపించుకుంటూ, మా అరుగు ఎక్కకుండా సందులోకి తిరిగి, కిటికీ బయట నిలబడ్డారు. లోపలికి రావద్దని మా ఇంట్లో ఎవరూ అనలేదు. అనే అవసరం ఎవరికీ రాలేదు. అది మొదలు నాలుగైదు ఆదివారాలు నా చదువు కిటికీలోంచే సాగింది. ఆయన యాంపుని చూడలేరు, ముట్టుకోలేరు. వినగలరు, అంతే. ఫలానా చోట ఉన్న రెసిస్టరు మీద రంగులు చదవండి అనేవారు. ఎరుపు, ఊదా, పసుపు అని లోపల్నుంచి నేను అరిచేవాణ్ణి. "అయితే రెండు లక్షల డెబ్బయి వేల ఓములండి. సరైందే. దాని పక్కది చదవండి" అనేవారు. ఏదైనా సామాను ఇవ్వాలంటే గట్టు మీద పెట్టి ఒక అడుగు వెనక్కి జరిగేవారు. అప్పుడు నేను చెయ్యి బయటకి పెట్టి తీసుకునేవాణ్ణి.

వాల్వు యాంపులో మనిషిని చంపేటంత కరెంటుంటుంది. రెండు చేతులూ ఒకేసారి లోపల పెడితే గుండెలోంచి దూసుకుపోతుంది. మెకానిక్కులు ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పనిచేస్తారట. నేను ఇంట్లో పంచెలో ఉండేవాణ్ణి, జేబు లేదు. "ఎడంచెయ్యి వీపు వెనక పెట్టుకోండి బాబుగారూ, నేను చెప్పేదాకా తియ్యకండి" అనేవారు. నేను పెట్టుకున్నానో లేదో నిమిషానికోసారి అడిగేవారు. మామ్మ ఒకసారి గుమ్మంలోంచి తొంగిచూసి, వీపు వెనక చెయ్యి పెట్టుకుని ఆ పెట్టెకి వంగి నిలబడ్డ నన్ను చూసి, అదేం దణ్ణంరా అంది. టంకం పెట్టేటప్పుడు గుగ్గిలం కాలిన పొగ ఇల్లంతా వ్యాపిస్తే, నాకు ఇన్నాళ్ళకి దైవభక్తి కలిగిందని అమ్మతో సంబరంగా చెప్పింది.

ఆ రొద సగం తగ్గింది గాని పూర్తిగా పోలేదు. ఒకనాడు ఆయన కిటికీ ఊచలకి చెవి ఆనించి చాలాసేపు విని, మీ ఇంటికి ఎర్తు లేదండి, అదీ సంగతి అన్నారు. బావి పక్కన తడి ఆరని చోట నడుంలోతు గొయ్యి తీసి, రాగి వస్తువేదైనా పాతిపెట్టి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోసి, దానికి తీగ కట్టి తెచ్చి యాంపుకి తగిలించాలి. రాగి వస్తువు అడిగితే మామ్మ ఒక పూటంతా ఆలోచించి, తాతగారు సంధ్య వార్చుకున్న చెంబు తెచ్చి ఇచ్చింది. అడుగున చిల్లు పడిందట, పారేయడానికి మనసొప్పక దాచిందట. ఎవరు చెబితే పాతుతున్నానో ఆవిడకి తెలుసు. కిటికీ దగ్గరకి ఆయన వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉంది. "కానీరా, భూమిలోకి పోయేదే కదా" అంది. గొయ్యి నేనే తవ్వాను. పెరట్లోకి ఆయన రారు గనక, ఎంత లోతు, ఎంత ఉప్పు అని నేను పెరట్లోంచి సందులోకి, సందులోంచి పెరట్లోకి పరుగులు. తీగ తగిలించి స్విచ్చి వేశాను. రొద మాయమైంది. పూర్తిగా నిశ్శబ్దం కూడా కాదు. చాలా మెత్తగా, నిద్రపోయే మనిషి పక్కన కూచుంటే వినబడేంత శబ్దం. ఇదేమిటి, ఇంకా ఉందే అన్నాను నేను.

"అది ఉండాలండి బాబుగారూ" అన్నారు కిటికీ అవతల్నుంచి. "అది దాని ఊపిరి. ఊపిరి వినబడతంటే బతికున్నట్టు."

ఇంతవరకూ చెప్పింది నాకు తలుచుకోవడం ఇష్టమైన భాగం. ఆ తరవాతిదే చెప్పుకోలేనిది. డిసెంబరు మొదట్లో యాంపుని కాలేజీకి తీసుకెళ్ళాను. గిటారు హాలంతా మోగింది. ఆడపిల్లలు వెనక్కి తిరిగి చూశారు. ఫిజిక్సు లెక్చరరుగారు వచ్చి వెనక చెక్క విప్పించి చూసి, ఎవరి సాయంతో చేశావని అడిగారు. పుస్తకాలు చూసి నేనే చేశానన్నాను. ఆయన నా భుజం తట్టి, జనవరిలో జరిగే వార్షికోత్సవంలో నన్ను వేదిక మీదకి పిలిచి ఈ సంగతి అందరికీ చెప్పాలని ప్రిన్సిపాలుగారితో అన్నారు. ఆ వారం రోజులూ నా కాళ్ళు నేల మీద లేవు. అప్పుడు గుర్తొచ్చింది, క్రిస్మస్. ఏసురత్నంగారి పేట నుంచి మా కాలేజీలో చదివేవాళ్ళు ఇద్దరున్నారు. యాంపు ఆ గుడికి వెళితే, ఇది మన ఏసురత్నం చేసిందని అక్కడ అందరూ చెప్పుకుంటారు. మర్నాడు కాలేజీలో తెలిసిపోతుంది. ఇంట్లో వద్దంటారని భయపడ్డానా అంటే, లేదు. ఇంట్లో అడగనే లేదు. అడిగితే నాన్నగారు నాలిక చప్పరించి ఊరుకునేవారేమో. పెట్టె తిరిగొచ్చాక మామ్మ నాలుగు చుక్కలు పసుపునీళ్ళు చల్లమనేది. చాలా ఏళ్ళపాటు మా పెద్దవాళ్ళ ఆచారం మీదకి నెట్టి నన్ను నేను ఊరడించుకున్నాను. అది శుద్ధ అబద్ధం. మెప్పు నా ఒక్కడికే కావలసి వచ్చింది, అంతే.

బస్టాండు దగ్గర ఎదురుపడితే చెప్పేశాను, పవర్ వాల్వు పోయింది, యాంపు పలకడం లేదు అని. ఆయన మొహం చిన్నబోయింది. తన కొట్టులో ఆ రకం ఇప్పుడు లేదే అని బాధపడ్డారు. పిల్లలకి పాటలు కూడా నేర్పించేశానండి అన్నారు. నేను వాచీ చూసుకుని, బస్సు తప్పిపోతుందని వచ్చేశాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం, భోజనాలయి ఇల్లు సద్దుమణిగిన వేళ, సందులో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే ఆయన. కొత్త చొక్కా, చెమట. కాగితం పొట్లం గట్టు మీద పెట్టి ఒక అడుగు వెనక్కి జరిగారు. "మా ఇంట్లో రేడియోలోది పీకి తెచ్చేనండి. అదీ ఇదీ ఒకటే రకం. పెట్టి చూడండి బాబుగారూ" అన్నారు. పండగ పూట వాళ్ళింట్లో రేడియో మూగదైపోయిందన్నమాట. నిజం చెప్పెయ్యడానికి నాకు అప్పుడు కూడా వ్యవధి ఉంది. చెప్పి, ఆ పెట్టె ఎత్తి ఆయన సైకిలు మీద కట్టి పంపిస్తే ఇది రాసే పని ఈ రోజు ఉండేది కాదు. నేను పొట్లం లోపలికి తీసుకుని, కిటికీకి వీపు తిప్పి, ఆయనకి కనబడకుండా స్పీకరు తీగ ఊడలాగేశాను. ఉన్న వాల్వునే తీసి మళ్ళీ అదే పెట్టాను. ఎడంచెయ్యి వీపు వెనకే ఉంచుకుని చేశాను ఇదంతా. ఆయన నేర్పిన జాగ్రత్త మాత్రం మరిచిపోలేదు.

స్విచ్చి వేశాను. వాల్వులు ఎర్రబడ్డాయాండి అన్నారు. పడ్డాయన్నాను. ఊపిరుందాండి అన్నారు. లేదన్నాను. ఆయన ఊచల దగ్గరికి వచ్చి, చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నారు. ఒక్కసారి లావుతీగ మీటండి అన్నారు. మీటాను. పెట్టెలోంచి, స్పీకరు లేకుండానే, దోమ పాడినంత సన్నగా, నేను మీటిన స్వరమే వినబడింది. స్పీకరు తగిలించకుండా వాయిస్తే ట్రాన్స్‌ఫార్మరులో ఉన్న ఇనపరేకులే ఆ స్వరం పలుకుతాయని నాకు అప్పటికి తెలియదు. వాల్వు పోతే అవి పలకవు. యాంపు ప్రాణంతో ఉంటేనే పలుకుతాయి. ఆ రేకులు పేర్చింది ఆయన, ఆ తీగ చుట్టింది ఆయన. ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది? కళ్ళు తెరిచి నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను.

"ఆపెయ్యండి బాబుగారూ" అన్నారు. "స్పీకరు తగిలించకుండా నడిపితే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోద్దండి."

ఆపేశాను. ఆయ్, వస్తానండి అని సైకిలు తీసుకుని, వీధి చివరిదాకా నడిపించుకుంటూనే వెళ్ళారు. ఆయన తెచ్చిన వాల్వు నా దగ్గరే ఉండిపోయింది. పిలిచి ఇచ్చెయ్యలేకపోయాను. పొట్లం కట్టి పెట్టెలో పడేశాను. జనవరిలో వేదిక మీద నిలబడి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ తరవాత బస్టాండు వెనక సందులోంచి వెళ్ళడం మానేసి, చుట్టుతిరిగి వెళ్ళేవాణ్ణి. ఎక్కడైనా ఎదురుపడితే ఆయనే ముందు నవ్వి, బాగున్నారాండి బాబుగారూ అనేవారు. ఆ నవ్వు చూడలేకే నేను డిగ్రీ అవగానే విశాఖపట్నంలో సీటు తెచ్చుకుని వెళ్ళిపోయాను. చివరికి ఫిజిక్సు లెక్చరరునయ్యాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి ట్రాన్స్‌ఫార్మరు పాఠం చెప్పాను. చెప్పిన ప్రతిసారీ, ఒక మంచి విద్యార్థి ఎవడైనా లేచి, లోడు లేకపోతే, అంటే స్పీకరులాంటిదేదీ తగిలించకపోతే, ఏమవుతుంది సార్ అని అడుగుతాడేమోనని నల్లబల్లవైపు తిరిగిపోయేవాణ్ణి.

రిటైరయ్యాక మా ఊరికి తిరిగొచ్చేశాను. మొన్న గురువారం పెట్టెని ఆటోలో వేసుకుని వాళ్ళ పేటకి వెళ్ళాను. ఏసురత్నంగారు పోయి పన్నెండేళ్ళయిందట. వాళ్ళమ్మాయి కరుణగారు ఆ పక్క ఊళ్ళో స్కూలు హెడ్‌మిస్ట్రెస్. నేనెవరో చెప్పగానే, తెలుగు మాష్టారి అబ్బాయిగారా, రండి రండి అని లోపలికి తీసుకెళ్ళి, కుర్చీ వేసి, ఫ్యాను నావైపు తిప్పారు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు నేను వాళ్ళింట్లో కూచోవడానికి. గోడ మీద ఫొటోలో ఆయన గిటారు పట్టుకుని, ఒక చెవి ముందుకి పెట్టి ఉన్నారు. ఇప్పుడు మా ఇంట్లోకీ ఎవరైనా వస్తారు, వంటింటిదాకా వెళతారు. మేము మారామని బంధువుల్లో గొప్పగా చెప్పుకుంటాం కూడా. కాని ఆ కుర్చీలో నా వీపు ఆనలేదు.

పెట్టె చూడగానే ఆవిడ గుర్తుపట్టారు, కొట్టులో చేస్తుండగా చూశారట. అప్పుడు తనకి ఏడేళ్ళట, పాడాల్సిన పిల్లల్లో తనూ ఉన్నారట. "ఇదేనాండి, కాలిపోయింది?" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. ఆ క్రిస్మస్ రోజు గుడిలో అందరూ యాంపు ఏదని అడిగితే, వాళ్ళ నాన్న లేచి నిలబడి, తప్పు నాదేనండి, నేను చుట్టడంలో లోపం, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది, ఆ బాబుగారు ఇద్దామనే చూశారు అని చెప్పారట. ఏసురత్నం చుట్టింది కూడా కాలుతుందన్న మాట ఊరంతా పాకింది. ఆ తరవాత మైకుసెట్లవాళ్ళు ఒక్కొక్కరే రావులపాలెం వెళ్ళి చుట్టించుకోవడం మొదలుపెట్టారట. నాలుగైదేళ్ళకి ఆయన రాట్నం విప్పేసి, ఆ చక్రం మళ్ళీ సైకిలుకి వేసేసుకున్నారట.

పెట్టెని వాళ్ళ ప్లగ్గు దగ్గరికి జరిపి, స్పీకరు తీగ తగిలి ఉందో లేదో రెండుసార్లు చూసి, స్విచ్చి వేశాను. వాల్వులు మెల్లిగా ఎర్రబడ్డాయి. కొంతసేపటికి గదిలో ఆ ఊపిరి వినబడింది. ఆవిడ వంగి వింటూ ఉన్నారు. అప్పుడు చెప్పాను, మొత్తం, స్పీకరు తీగ దగ్గర్నుంచి.

"అయితే ఇది కాలిపోలేదన్నమాట" అన్నారు.

"లేదమ్మా."

"కాలిపోలేదని మా నాన్నకి తెలుసాండి?"

"తెలుసమ్మా. ఆ రోజే తెలుసు."

ఆవిడ ఫొటోవైపు చూశారు. "మా అమ్మకి తెలీదండి. తెలీకుండానే పోయింది. ఏ క్రిస్మస్ వచ్చినా నాన్నని అదే మాట అనేది, చేతకాని పని ఎందుకు ఒప్పుకున్నావు, పదిమందిలో పరువు పోయింది అని. ఆయన నవ్వేవారండి." స్వరం ఏమాత్రం పెంచకుండా, ఆదివారం మా గుడికి రండి, నాన్న నిలబడి చెప్పిన చోటే మీరూ నిలబడి చెప్పండి అన్నారు. వస్తానన్నాను. పెట్టె అక్కడే వదిలేశాను. పొట్లంలో ఉన్న వాల్వు మాత్రం ఆవిడ చేతికి ఇచ్చాను. మీ రేడియోది అని చెప్పాను.

రేపే ఆదివారం. ముప్ఫై ఏళ్ళు వందలమంది ఎదుట గంటలకొద్దీ మాట్లాడిన నోరు నాది. రేపు చెప్పాల్సింది రెండే ముక్కలు, ఆయన చుట్టింది కాలలేదు, నేను అబద్ధమాడాను. ఇందాక మా ఆవిడని ఎదురుగా కూచోబెట్టి చెప్పి చూశాను. మొదటి ముక్క బాగానే వచ్చింది. రెండోది సగంలో ఆగిపోయింది. మళ్ళీ చెప్పండి అంది ఆవిడ.